సోర్స్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ కట్టడం: ఎర్రర్ వచ్చినా మెషీన్ చెడకుండా ఉండాలంటే ఏ దారి ఎంచుకోవాలి?

ఒంగోలులో మా వీధిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. వేసవి సెలవులు రాగానే వాళ్లలో ఎవరో ఒకరికి లినక్స్‌ని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేసి, అంటే మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ నడిపే రూపానికి మార్చి, చూడాలని పట్టుదల పుడుతుంది. ఆ పట్టుదల అంటే నాకు చాలా ఇష్టం. అయితే వాళ్లు నా దగ్గరికి వచ్చేది మొదలుపెట్టే ముందు కాదు. మూడో రోజు రాత్రి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తారు. "అన్నా, ఎర్రర్ వచ్చింది. నెట్‌లో ఎవరో చెబితే సుడో పెట్టి మళ్లీ కొట్టా. ఇప్పుడు లాగిన్ కూడా అవట్లా."

సుడో అంటే కమాండ్‌ని రూట్ హక్కుతో, అంటే సిస్టమ్‌లో దేన్నైనా మార్చగల హక్కుతో, నడిపించే మాట. కంపైల్ ఎర్రర్ తనంతట తాను దేన్నీ పాడుచేయదు. కంపైలర్ ఇక ముందుకు పోలేనని ఆగిపోతుంది, అంతే. పాడయ్యేదంతా ఆ తర్వాత టెన్షన్‌లో మనం కొట్టే కమాండ్ల వల్లే. అందుకే ఎర్రర్ రాకుండా చేయడం ఎలా అనేదానికంటే, వచ్చినప్పుడు పోయేది ఎంత అనేది ముందు తేల్చుకోవాలి.

నెల్లూరు దగ్గర పెన్నా కాలవ కింద మా మేనమామ వరి పండిస్తాడు. విత్తనం పొలమంతా చల్లడు, ముందు నారుమడిలో పోస్తాడు. నారు కుళ్లితే పోయేది ఆ కాస్త నేలలో పోసిన విత్తనమే, మళ్లీ పోసుకోవచ్చు. నారు బాగా లేచాకే పొలంలో నాట్లు. ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) కంపైల్ చేసేవాళ్లకు కావలసింది కూడా ఒక నారుమడి. అది ఎక్కడ పెట్టుకోవాలో ఐదు దారులు ఉన్నాయి. ఐదింటిలోనూ నేను పని చేశాను కాబట్టి దేనిలో ఏం ఒరిగిందో, ఏం పోయిందో చెబుతాను.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది నష్టం ఎంత దూరం పాకుతుందన్నది. తప్పు కమాండ్ ఒకటి పడితే పోయేది ఒక ఫోల్డరా, ఒక పార్టిషనా (డిస్క్‌లో విడిగా చేసిన భాగం), రోజూ వాడుకునే సిస్టమ్ మొత్తమా? దీనికి జవాబు తెలియకుండా మొదలుపెట్టకండి.

తర్వాతది వెనక్కి రావడానికి పట్టే సమయం. నిన్న రాత్రి పది గంటలకు ఉన్న స్థితికి రెండు నిమిషాల్లో రాగలిగితే ధైర్యంగా ప్రయోగాలు చేస్తాం. రెండు రోజులు పడుతుందంటే చేతులు వణుకుతాయి, వణికే చేతులతో ఇంకో తప్పు చేస్తాం.

మూడోది లాగ్. ఎర్రర్ సరిగ్గా ఎక్కడ పుట్టిందో రాసిపెట్టే పద్ధతి ఆ దారిలో ముందే ఉందా, మనమే ఏర్పాటు చేసుకోవాలా?

నాలుగోది మెషీన్ సత్తా, దాంతోపాటు మన ఎండలు, మన కరెంటు. పెద్ద ప్రోగ్రామ్‌లు కంపైల్ చేసేటప్పుడు ఒకేసారి నడిచే ఒక్కో జాబ్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ లెక్కేసుకోమని, సోర్స్ నుంచి కట్టుకునే లినక్స్ రకం జెంటూ వాళ్ల హ్యాండ్‌బుక్ చెబుతుంది. ఆ లెక్కన 8 జీబీ లాప్‌టాప్‌లో నాలుగు జాబ్‌లే ఎక్కువ. బ్రౌజర్ తెరిచి ఉంచితే మూడు కూడా కష్టమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మంచం మీద పరుపుపై లాప్‌టాప్ పెట్టి ఆరు గంటలు కంపైల్ చేస్తే అది వేడెక్కి ఆగిపోవడంలో వింతేమీ లేదు.

చివరగా, మీకు కావలసింది ఏమిటి? ఓఎస్ లోపల ఎలా కూర్చుంటుందో నేర్చుకోవడమా, రోజూ వాడుకోవడానికి ఒక సిస్టమా, చిన్న బోర్డులో పెట్టే ఇమేజా? ఈ మూడింటికీ ఒకే దారి సరిపోదు.

## మొదటి దారి: వాడుకునే లాప్‌టాప్‌లోనే వేరే పార్టిషన్

లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం నేర్పే పద్ధతి ఇది. 1999లో జెరార్డ్ బీక్‌మన్స్ మొదలుపెట్టిన ఈ పుస్తకం ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది, క్రమం తప్పకుండా కొత్త ప్రతులు వస్తూనే ఉన్నాయి. ఖాళీ పార్టిషన్‌ని ఒక ఫోల్డర్‌కి మౌంట్ చేసి (ఆ ఫోల్డర్‌లో కనబడేలా తగిలించి), ముందు కంపైలర్ పనిముట్లు కట్టి, వాటితో మిగతా సిస్టమ్ అంతా కడతాం. నేర్చుకోవడానికి దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. ఒక్కో ప్యాకేజీ ఎందుకు ఆ వరుసలోనే రావాలో చేతులతో తెలుస్తుంది.

భద్రత విషయంలో పుస్తకం రాసినవాళ్లు చాలా జాగ్రత్త పడ్డారు. మొదటి దశ పనంతా రూట్‌గా కాకుండా ఎల్ఎఫ్ఎస్ అనే మామూలు యూజర్‌గా చేయమంటారు. ఆ యూజర్‌కి మన అసలు సిస్టమ్‌లో రాసే హక్కు ఉండదు కాబట్టి, ఫైళ్లు పొరపాటున తప్పు చోటికి పోబోతే "పర్మిషన్ డినైడ్" అని ఆగిపోతుంది. ఆ ఎర్రర్ మనల్ని కాపాడుతోందన్నమాట. దాన్ని చూసి సుడో తగిలించేవాళ్లు కంచె పీకేసి గొడ్లను చేలోకి వదిలినవాళ్లతో సమానం.

అసలు ప్రమాదం రూట్‌గా చేయాల్సిన ఆ కొద్ది కమాండ్ల దగ్గర ఉంది. నాకు జరిగింది చెబుతాను. పుస్తకంలో ఒక చోట, అప్పటిదాకా ఎల్ఎఫ్ఎస్ యూజర్ పేరు మీద ఉన్న ఫైళ్లన్నిటినీ రూట్ పేరుకి మార్చమంటారు. పార్టిషన్ ఎక్కడుందో చెప్పేది ఒక వేరియబుల్, అంటే ఆ టెర్మినల్ మాత్రమే గుర్తుపెట్టుకునే పేరు. ముందు రోజు రాత్రి కరెంటు పోయి లాప్‌టాప్ ఆగిపోయింది. పొద్దున లేచి, కొత్త టెర్మినల్ తెరిచి, రూట్ అయ్యి, పుస్తకంలోని కమాండ్ కాపీ చేసి కొట్టేశాను. కొత్త టెర్మినల్‌లో ఆ వేరియబుల్ ఖాళీ. ఖాళీ అయితే ఆ కమాండ్ నా పార్టిషన్‌లోని ఫోల్డర్లకు బదులు నా అసలు సిస్టమ్‌లోని ఫోల్డర్లకు తగులుతుంది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. పని సాఫీగా అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం ఆ టెర్మినల్ మూసి, ఇంకేదో పనికి సుడో కొడితే తెరమీద ఒకే లైను: సుడో ఫైలు యజమాని యూఐడీ 0 అయి ఉండాలి, దానికి సెట్‌యూఐడీ బిట్ ఉండాలి. ఆ ఫైలు యజమాని రూటే. పోయింది రెండోది, మామూలు యూజర్ నడిపినా ప్రోగ్రామ్‌కి యజమాని హక్కు ఇచ్చే గుర్తు. లినక్స్‌లో ఫైలు యజమానిని మార్చే కమాండ్ నడిస్తే ఆ ప్రత్యేక బిట్ తుడిచిపెట్టుకుపోతుంది, మార్చింది రూట్ అయినా సరే. సుడోతో పాటు పాస్‌వర్డ్ మార్చే కమాండ్, ఇంకా అలాంటివన్నీ ఒక్క దెబ్బకు పడుకున్నాయి. రూట్‌గా తెరిచి ఉన్న ఒకే ఒక్క టెర్మినల్‌ని నా చేతులతో నేనే మూసేశాను. సిస్టమ్ మళ్లీ ఎక్కించి, ఫైళ్లు సర్దుకునేసరికి రెండు రోజులు పట్టింది.

పుస్తకం ఇటీవలి ప్రతుల్లో ఆ కమాండ్‌కి ఒక షరతు చేర్చారు: ఎల్ఎఫ్ఎస్ యూజర్ పేరు మీద ఉన్న ఫైళ్లను మాత్రమే మార్చమని. కాబట్టి పాత ప్రతి ఎక్కడో డౌన్‌లోడ్ చేసి ఉంటే పక్కన పెట్టి కొత్తది తీసుకోండి. దానికి తోడు నేను పాటించే అలవాటు ఒకటుంది. రూట్‌గా కొట్టే ప్రతి కమాండ్‌లో ఆ వేరియబుల్‌ని ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టి, పేరు పక్కన కోలన్, దాని పక్కన ప్రశ్నార్థకం గుర్తు చేరుస్తాను. వేరియబుల్ ఖాళీగా ఉంటే షెల్ అక్కడే ఆగి ఎర్రర్ చూపిస్తుంది, కమాండ్ నడవదు. రెండు గుర్తుల పని, రెండు రోజుల శ్రమ మిగులుతుంది.

రెండో ప్రమాదం చివర్లో ఉంది. విసుగొచ్చి అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెడదామనుకుంటాం. అప్పటికి సీహెచ్‌రూట్ (కొత్త పార్టిషన్‌నే సిస్టమ్ మొత్తంగా చూపే పద్ధతి) కోసం మన అసలు సిస్టమ్‌లోని డివైస్ ఫోల్డర్, సిస్ ఫోల్డర్ వగైరా ఆ పార్టిషన్ లోపల మౌంట్ అయి ఉంటాయి. వాటిని విప్పకుండా ఫోల్డర్ మొత్తం తీసేసే కమాండ్ కొడితే అది ఆ మౌంట్‌ల గుండా అసలు సిస్టమ్‌లోకి దూరుతుంది. 2016లో కొన్ని లాప్‌టాప్‌లు ఇలాంటి చెరిపివేతలోనే మదర్‌బోర్డ్ సెట్టింగ్‌లు పోయి అసలు ఆన్ కాకుండా అయ్యాయి. ఆ తర్వాత కెర్నల్‌లో (ఓఎస్ గుండెకాయలాంటి ప్రోగ్రామ్) దానికి రక్షణ చేర్చారు కానీ, చెరిపే ముందు మౌంట్‌ల జాబితా ఒకసారి చూసుకోవడం మన పని. నన్నడిగితే అసలు చెరిపే కమాండ్ వాడవద్దు. అన్నీ అన్‌మౌంట్ చేసి పార్టిషన్‌ని తిరిగి ఫార్మాట్ చేయండి. మౌంట్ అయి ఉన్నదాన్ని ఫార్మాట్ చేయబోతే ఆ కమాండే ఒప్పుకోదు.

## రెండో దారి: వర్చువల్ మెషీన్, స్నాప్‌షాట్‌లు

పై పుస్తకాన్నే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) లోపల చేస్తే నా రెండు రోజుల నష్టం రెండు నిమిషాలు అయ్యేది. అందుకే మా వీధి పిల్లలకు ఇప్పుడు నేను చెప్పే మొదటి మాట ఇదే. క్యూఈఎంయూ గానీ వర్చువల్‌బాక్స్ గానీ పెట్టుకోండి, ఒక్కో అధ్యాయం అయ్యాక స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితిని దాచిపెట్టే ప్రతి) తీసుకోండి. లోపల ఎంత విధ్వంసం జరిగినా అది ఒక డిస్క్ ఫైలు దాటి బయటకు రాదు.

దీనికి మూల్యం ర్యామ్. 8 జీబీ లాప్‌టాప్‌లో అసలు సిస్టమ్‌కి 3 జీబీ వదిలితే లోపలికి 5 జీబీ ఇవ్వగలం, అంటే రెండు జాబ్‌లు. పని నిదానంగా సాగుతుంది. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయకపోతే ఇంకా ఘోరం, గంటల పని రోజులు పడుతుంది. అది ముందు చూసుకోండి. 4 జీబీ మెషీన్ అయితే ఈ దారి వద్దు.

స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకోవడం ఇంకో పొరపాటు. స్నాప్‌షాట్‌లన్నీ సాధారణంగా అదే డిస్క్‌లో, చాలాసార్లు అదే ఫైలులో ఉంటాయి. హార్డ్ డిస్క్ పోతే అన్నీ పోతాయి. వారానికోసారి మెషీన్ పూర్తిగా ఆపి ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో కాపీ చేసుకోవాలి. స్నాప్‌షాట్‌కి పేరు కూడా అర్థమయ్యేలా పెట్టండి. "టెస్ట్ 3" అని పెడితే పది రోజుల తర్వాత మీకే గుర్తుండదు. "జీసీసీ రెండో విడత అయ్యాక, టెస్ట్‌లు పాస్" అని రాస్తే గుర్తుంటుంది (జీసీసీ అంటే కంపైలర్).

## మూడో దారి: కంటైనర్

డాకర్, పాడ్‌మ్యాన్ లాంటివి మన సిస్టమ్‌లోనే ప్రోగ్రామ్‌లను విడి గదిలో పెట్టి నడుపుతాయి. ఇది తేలిక, ర్యామ్ విడిగా కేటాయించక్కర్లేదు, కావలసిన వెర్షన్ కంపైలర్‌తో శుభ్రమైన చోటు నిమిషంలో దొరుకుతుంది. మన సిస్టమ్‌లో కంపైలర్ మరీ కొత్తదైనందువల్ల వచ్చే ఎర్రర్‌లకు ఇది మంచి విరుగుడు.

కానీ ఓఎస్ మొత్తం కట్టే పనికి ఇది సగం మందే. కంటైనర్ వాడేది మన హోస్ట్ కెర్నల్‌నే కాబట్టి, కట్టిన సిస్టమ్ బూట్ అవుతుందో లేదో ఇందులో తెలియదు. మౌంట్‌లు చేయలేకపోతున్నానని ప్రివిలేజ్డ్ అనే ఆప్షన్ పెట్టేవాళ్లున్నారు. అది పెట్టిన క్షణం నుంచి కంటైనర్ ఇచ్చే రక్షణ దాదాపు పోయినట్టే, లోపలి రూట్ బయటి డిస్క్‌లను తాకగలడు. ఇంకొకటి, ఆగగానే తనంతట తాను చెరిగిపోయే కంటైనర్‌లో లాగ్ కూడా పోతుంది. లాగ్ ఫోల్డర్ మాత్రం బయట పెట్టుకోండి.

## నాలుగో దారి: కట్టే క్రమశిక్షణ తనలోనే ఉన్న సిస్టమ్‌లు

జెంటూ, లినక్స్ కాని మరో ఓఎస్ ఫ్రీబీఎస్‌డీ ఈ కోవలోవి. వీటిలో నారుమడి విడిగా పెట్టుకోనక్కర్లేదు, వాటి నిర్మాణంలోనే ఉంది.

జెంటూలో ప్యాకేజీలు ఎక్కించే పోర్టేజ్ ఒక ప్యాకేజీని కంపైల్ చేసేటప్పుడు దాన్ని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో కడుతుంది. ఇన్‌స్టాల్ కూడా ముందు అక్కడే ఒక ఉత్తుత్తి సిస్టమ్ మీద చేస్తుంది. అంతా పూర్తయ్యాకే ఫైళ్లు అసలు సిస్టమ్‌లోకి వస్తాయి. ఈలోగా ఏ స్క్రిప్ట్ అయినా బయటకు రాయబోతే శాండ్‌బాక్స్ పట్టుకుంటుంది. అందువల్ల కంపైల్ మధ్యలో ఎర్రర్ వస్తే పాత వెర్షన్ చెక్కుచెదరకుండా నడుస్తూనే ఉంటుంది. పూర్తి లాగ్ ఎక్కడుందో కూడా ఎర్రర్ కిందే చెబుతుంది. వంద ప్యాకేజీల అప్‌డేట్‌లో ఒకటి ఆగితే, దానిమీద ఆధారపడనివాటిని కొనసాగించమనే ఆప్షన్ ఉంది. అది సురక్షితమే, ఎందుకంటే విఫలమైనది లోపలికి రాలేదు. తయారైన ప్రతి ప్యాకేజీకీ ఒక బైనరీ ప్రతి దాచుకోమని సెట్టింగ్ పెట్టుకోండి. కొత్త గ్లిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామ్ వాడే మూల లైబ్రరీ) గానీ కంపైలర్ గానీ తేడా కొడితే పాతది మళ్లీ కంపైల్ చేయకుండా క్షణాల్లో వెనక్కి పెట్టుకోవచ్చు. కంపైలరే చెడితే కంపైలర్‌ని కంపైల్ చేసేది దేనితో? 2023 డిసెంబర్ నుంచి జెంటూ వాళ్లే చాలా ప్యాకేజీలకు బైనరీలు ఇస్తున్నారు కాబట్టి బలహీనమైన మెషీన్ ఉన్నవాళ్లకు భారం బాగా తగ్గింది.

ఫ్రీబీఎస్‌డీలో సిస్టమ్ మొత్తం ఒకే సోర్స్ చెట్టు. బిల్డ్‌వరల్డ్ (కెర్నల్ కాక మిగతా సిస్టమ్), బిల్డ్‌కెర్నల్ అనే రెండు మెట్లు విడి ఫోల్డర్‌లోనే జరుగుతాయి. ఇక్కడ ఎర్రర్ వస్తే ఏమీ పోదు. ఇన్‌స్టాల్‌కెర్నల్ చేశాక, దాంతో బూట్ అయి చూసుకుని, అప్పుడే ఇన్‌స్టాల్‌వరల్డ్. కొత్త కెర్నల్ బూట్ కాకపోతే పాతది కెర్నల్ డాట్ ఓల్డ్ పేరుతో ఉంటుంది, బూట్ మెనూలో ఎంచుకోవచ్చు. డిస్క్ జెడ్ఎఫ్ఎస్ (స్నాప్‌షాట్‌లు తీయగల ఫైల్ సిస్టమ్) అయితే ఇన్‌స్టాల్‌కి ముందు బూట్ ఎన్విరాన్‌మెంట్ (బూట్ చేయగల సిస్టమ్ ప్రతి) ఒకటి తీసుకోండి. ఇన్‌స్టాల్‌వరల్డ్ మధ్యలో కరెంటు పోయి సగం కొత్త సగం పాత ఫైళ్లతో ఉండిపోయినా, బూట్ మెనూలో పాత ఎన్విరాన్‌మెంట్ ఎంచుకుంటే నిన్నటి సిస్టమ్ నిన్నటిలాగే లేస్తుంది. జెడ్ఎఫ్ఎస్ లేని మెషీన్‌లో ఆ ఒక్క మెట్టు దగ్గర ఇన్వర్టర్ తప్పనిసరి. మొదలుపెట్టే ముందు సోర్స్ చెట్టులో ఉండే అప్‌డేటింగ్ అనే ఫైలు చదవండి. చాలా ఎర్రర్‌లకు జవాబు అందులో ముందే రాసి ఉంటుంది.

ఈ దారిలో నేర్చుకునేది లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ అంత లోతుగా ఉండదు. కానీ రోజూ వాడుకునే సిస్టమ్ దక్కుతుంది.

## ఐదో దారి: మామూలు యూజర్‌గా వేరే మెషీన్ కోసం కట్టడం

బిల్డ్‌రూట్ లాంటివి చిన్న బోర్డులకు పూర్తి సిస్టమ్ ఇమేజ్ కట్టిపెడతాయి. నెట్‌బీఎస్‌డీ అనే ఓఎస్ అయితే తన బిల్డ్ స్క్రిప్ట్‌తో ఏ లినక్స్ మీదైనా, రూట్ హక్కు లేకుండానే, మొత్తం ఓఎస్‌ని కట్టేస్తుంది. బిల్డ్‌రూట్ లాంటిదే యోక్టో, దాని పనిముట్టు బిట్‌బేక్ ఇంకా గట్టిది, రూట్‌గా నడిపితే పని చేయనని ఆగిపోతుంది.

రూట్ అవసరమే లేదు కాబట్టి నష్టం ఒక ఫోల్డర్ దాటదు. ఐదింటిలో ఇదే అన్నిటికంటే నిశ్చింత. బోర్డు చేతిలో లేకపోయినా కట్టిన ఇమేజ్‌ని క్యూఈఎంయూలో బూట్ చేసి చూసుకోవచ్చు. బిల్డ్‌రూట్‌లో ఒక ప్యాకేజీ ఆగితే దాని ఫోల్డర్ మాత్రం తుడిచి మళ్లీ కట్టించే కమాండ్ ఉంది. టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోటి పనిముట్లు) సెట్టింగ్ మార్చారంటే మాత్రం అంతా తుడిచి మొదటి నుంచి కట్టక తప్పదు. సగం పాతది సగం కొత్తది కలిపి నెట్టుకొస్తే అర్థంకాని ఎర్రర్‌లు వస్తూనే ఉంటాయి.

ఆండ్రాయిడ్ కూడా కట్టొచ్చా అని అడుగుతుంటారు. గూగుల్ చెప్పే లెక్క 400 జీబీ ఖాళీ డిస్క్, 64 జీబీ ర్యామ్. మన లాప్‌టాప్‌ల పని కాదు.

## ఒక్క చూపులో

| దారి | నష్టం ఎంతవరకు | వెనక్కి రావడం | లాగ్ | 8 జీబీ లాప్‌టాప్‌లో | దేనికి మేలు |
|---|---|---|---|---|---|
| వేరే పార్టిషన్, సీహెచ్‌రూట్ | రూట్‌గా తప్పు చేస్తే సిస్టమ్ మొత్తం | గంటల నుంచి రోజులు | మనమే రాసుకోవాలి | సరిపోతుంది | లోతుగా నేర్చుకోవడానికి |
| వర్చువల్ మెషీన్ | డిస్క్ ఫైలు వరకే | నిమిషాలు | మనమే రాసుకోవాలి | నిదానంగా, రెండు జాబ్‌లు | భయం లేకుండా నేర్చుకోవడానికి |
| కంటైనర్ | ప్రివిలేజ్డ్ పెట్టకపోతే తక్కువ | నిమిషాలు | బయట దాచకపోతే పోతుంది | బాగా సరిపోతుంది | విడి ప్యాకేజీలు, కెర్నల్ కంపైల్ |
| జెంటూ | విఫలమైన ప్యాకేజీ లోపలికి రాదు | బైనరీ ప్రతి ఉంటే నిమిషాలు | తనే రాస్తుంది | పెద్దవాటికి బైనరీలు వాడితే మేలు | రోజువారీ వాడకం |
| ఫ్రీబీఎస్‌డీ, జెడ్ఎఫ్ఎస్‌తో | ఇన్‌స్టాల్ మెట్టు దాకా ఏమీ లేదు | ఒక రీబూట్ | మనమే రాసుకోవాలి | సరిపోతుంది, టైమ్ పడుతుంది | సర్వర్, స్థిరమైన వాడకం |
| బిల్డ్‌రూట్, నెట్‌బీఎస్‌డీ | ఒక ఫోల్డర్ | ఫోల్డర్ తుడిస్తే చాలు | బయటకు మళ్లించాలి | బాగా సరిపోతుంది | బోర్డులు, ప్రాజెక్టులు |

## ఎర్రర్ వచ్చాక ఏ మందు వేయాలి

ఇక్కడ కూడా ఎంపికే. అందరూ ముందు చూసేది తెర మీద చివరి లైను. "ఎర్రర్ 2" అని కనబడే ఆ లైను వట్టి చావు కబురు, కారణం పైనెక్కడో ఉంటుంది. ఎనిమిది జాబ్‌లు ఒకేసారి నడుస్తుంటే అసలు ఎర్రర్ తర్వాత కూడా మిగతా జాబ్‌లు వందల లైన్లు రాసేస్తాయి. కాబట్టి లాగ్‌ని ఫైలులోకి పంపి, పైనుంచి కిందికి వెతికి మొదటి ఎర్రర్ పట్టుకోండి. లాగ్ రాయడానికి పైప్ (ఒక కమాండ్ రాసేదాన్ని ఇంకో కమాండ్‌కి పంపే గుర్తు) వాడుతుంటే ఒక జాగ్రత్త: లాగ్ రాసే కమాండ్ సక్సెస్ అయితే మొత్తం సక్సెస్ అయినట్టు షెల్ అనుకుంటుంది. స్క్రిప్ట్ ఆగకుండా ఇన్‌స్టాల్ మెట్టుకి పోతుంది. బాష్‌లో పైప్‌ఫెయిల్ సెట్టింగ్ పెడితే ఈ మోసం జరగదు.

ఆ తర్వాత, ఏమీ మార్చకుండా ఒకే జాబ్‌తో అదే కమాండ్ మళ్లీ కొట్టండి. ఇది మందు కాదు, పరీక్ష. మళ్లీ అదే ఫైలు దగ్గర, అదే లైను దగ్గర ఆగితే తప్పు సోర్స్‌లోనో, వెర్షన్‌లలోనో, మన సెట్టింగ్‌లోనో ఉంది. ఈసారి సాఫీగా పోతే మెమరీ చాలకపోవడమో, జాబ్‌ల వరుస తప్పడమో కారణం. ప్రతిసారీ వేరే వేరే చోట ఆగుతుంటే ర్యామ్ చెడిందనో, వేడి ఎక్కువైందనో అనుమానించండి. ఒక రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి చూడండి. ఇది తెలియక వారం రోజులు కంపైలర్‌ని తిట్టుకున్నవాళ్లను చూశాను.

"కిల్డ్" అనే మాట, పక్కన సీసీ1ప్లస్ అనే పేరు కనబడితే వేరే ఆలోచన అక్కర్లేదు. ర్యామ్ అయిపోయి కెర్నల్ ఆ ప్రాసెస్‌ని చంపేసింది. కెర్నల్ లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని ఉంటుంది. జాబ్‌లు తగ్గించండి, స్వాప్ (ర్యామ్‌కి తోడుగా వాడే డిస్క్ చోటు) పెంచండి. సోర్స్ కోడ్ ముట్టుకోవద్దు.

మన దగ్గర కరెంటు పోయి వచ్చాక వచ్చే ఎర్రర్‌లు ఒక జాతి. బ్యాటరీ లేని డెస్క్‌టాప్ మీద కంపైల్ చేస్తుంటే మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయిందనుకోండి. వచ్చాక మేక్ (కంపైల్ మెట్లను వరసగా నడిపే కమాండ్) కొడితే "ఫైల్ ట్రంకేటెడ్" అంటుంది, లేదా ఫైలు రకం గుర్తుపట్టలేదంటుంది. ఏం జరిగిందంటే, సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైలు సున్నా బైట్లతో డిస్క్‌లో మిగిలింది. మేక్ చూసేది ఫైలు లోపలికి కాదు, దాని టైమ్‌కి. సోర్స్ కంటే కొత్తగా ఉంది కాబట్టి ఇది అయిపోయిందిలే అనుకుని లింక్ చేయబోతుంది. సున్నా సైజు ఆబ్జెక్ట్ ఫైళ్లు వెతికి తీసేయడం ఒక పద్ధతి. నేను మాత్రం ఆ ప్యాకేజీ ఫోల్డర్ మొత్తం తీసేసి టార్ ఫైలు నుంచి మళ్లీ విప్పుతాను. పావుగంట పోతుంది, అనుమానం మిగలదు. పాత డెస్క్‌టాప్‌లో బోర్డు మీది బ్యాటరీ అయిపోతే కరెంటు వచ్చాక తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు "క్లాక్ స్క్యూ" హెచ్చరిక వస్తుంది. ముందు తేదీ సరిచేసి, అప్పుడే తిరిగి మొదలుపెట్టండి.

ఎర్రర్ దాటేసి ముందుకు పొమ్మనే రెండు ఆప్షన్‌లు మేక్‌కి ఉన్నాయి. చిన్న కె పెడితే, విఫలమైనదానిమీద ఆధారపడనివి మాత్రం కడుతుంది. ఎర్రర్‌లన్నీ ఒకేసారి చూడటానికి అది పనికొస్తుంది. చిన్న ఐ పెడితే ఎర్రర్‌లనే పట్టించుకోదు. ఇన్‌స్టాల్ మెట్టులో ఈ రెండూ ఎప్పుడూ వద్దు. సగం లైబ్రరీలు మారిన సిస్టమ్, అసలు మారని సిస్టమ్ కంటే ప్రమాదం.

హెచ్చరికలను ఎర్రర్‌లుగా చూసే సెట్టింగ్ వల్ల ఆగితే దాన్ని తీసేయొచ్చా అని అడుగుతారు. పాత సోర్స్‌ని కొత్త కంపైలర్‌తో కడుతుంటే తీసేయొచ్చు, కానీ ఆ హెచ్చరిక ఏమిటో చదివాక. గ్లిబ్‌సీ, కెర్నల్ విషయంలో నేను తీయను. సరిపోయే వెర్షన్ కంపైలర్ తెచ్చుకుంటాను. అలాగే గ్లిబ్‌సీ, జీసీసీ, బిన్‌యుటిల్స్ (లింకర్ లాంటి పనిముట్లు) టెస్ట్‌లు వదిలేయకండి. కొన్ని టెస్ట్‌లు ఫెయిలవడం మామూలే, అవి ఏవో లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం చెబుతుంది. ఆ జాబితాలో లేనివి గుంపుగా ఫెయిలైతే అక్కడే ఆగండి.

## ఎవరికి ఏది

ఒకే లాప్‌టాప్ ఉండి, అందులోనే కాలేజీ ప్రాజెక్టులు, ఇంటి ఫొటోలు ఉన్న విద్యార్థికి వర్చువల్ మెషీన్. ఇంకో మాట లేదు. ర్యామ్ 4 జీబీయే అయితే సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి కొని దానిలో పార్టిషన్ పద్ధతి చేయండి. పోయినా అందులో పోయేదేమీ ఉండదు కాబట్టి అదీ నారుమడే. దానికి ఇన్వర్టర్ లైను ఇవ్వండి.

ఫైనలియర్ ప్రాజెక్టు కోసం రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే బోర్డులాంటిది చేస్తున్నవాళ్లకు బిల్డ్‌రూట్. లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్‌తో మొదలుపెట్టి గడువు తప్పిన జట్లున్నాయి. అది చదువు, ఇది పని. రెండూ ఒకే నెలలో కుదరవు.

ఉద్యోగం చేస్తూ రోజూ వాడే సిస్టమ్‌ని సోర్స్ నుంచి ఉంచుకోవాలనుకునేవాళ్లకు జెంటూ. ఆఫీసులో సర్వర్ చూసుకునేవాళ్లకు జెడ్ఎఫ్ఎస్‌తో ఫ్రీబీఎస్‌డీ. కెర్నల్ ఒక్కటే కట్టి చూద్దామనుకుంటే ఇవేవీ అక్కర్లేదు. మీ లినక్స్‌లోనే కట్టండి, వెర్షన్ పేరు చివర మీ గుర్తు ఒకటి చేర్చండి. లేకపోతే పాత కెర్నల్ మాడ్యూల్స్ మీద కొత్తవి పడి పాత కెర్నల్ సరిగ్గా లేవకపోవచ్చు. పాత కెర్నల్‌ని బూట్ మెనూలోంచి తీసేయకండి.

కాలేజీ ల్యాబ్‌లో చెప్పే లెక్చరర్లకు నా సలహా: అందరికీ ఒకే వర్చువల్ డిస్క్ ఫైలు ఇవ్వండి, ప్రతి అధ్యాయానికీ స్నాప్‌షాట్ ముందే పెట్టి. ఎర్రర్ వచ్చిన పిల్లవాడు వెనకబడడు, తర్వాతి స్నాప్‌షాట్ నుంచి అందుకుంటాడు. ఆగినచోటికి సాయంత్రం తీరిగ్గా తిరిగి వెళ్తాడు.

పోయిన వేసవిలో కావలి నుంచి మా బంధువుల అబ్బాయి ఫోన్ చేశాడు. వర్చువల్ మెషీన్‌లోనే చేస్తున్నాడు. సీహెచ్‌రూట్ లోపల ఉన్నాననుకుని బయట గ్లిబ్‌సీ ఇన్‌స్టాల్ కొట్టాడు, ఆ తర్వాత ఏ కమాండ్ కొట్టినా సెగ్మెంటేషన్ ఫాల్ట్. "ఇప్పుడేం చేయమంటావు బాబాయ్" అని అడిగాడు. చివరి స్నాప్‌షాట్ ఎప్పటిది అన్నాను. భోజనానికి వెళ్లే ముందు తీశానన్నాడు. ఫోన్ పెట్టకుండానే వెనక్కి తెచ్చుకున్నాడు. సీహెచ్‌రూట్ లోపలికి వెళ్లగానే ప్రాంప్ట్‌లో తేడా కనబడేలా రంగు మార్చుకోమని చెప్పాను. ఎర్ర రంగు పెట్టుకున్నాడు, ఆ రాత్రికి జీసీసీ అధ్యాయం దాటాడు.